బీరువాలోకి వెళ్లిపోయే కానుకలు

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 25 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. పీజీలో ఉంటున్నాను. చేతికొచ్చే జీతం 36,000. మాది కోనసీమలో పల్లెటూరు. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, ఇంటర్ రెండో ఏడాది చదివే తమ్ముడు ఉంటారు. అక్కకి పెళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. నాన్న రెండెకరాలు కౌలుకి చేస్తారు.

పోయిన సంక్రాంతికి మొదటిసారి నా డబ్బుతో అందరికీ ఏదో ఒకటి కొనుక్కెళ్లాను. అమ్మకి పట్టుచీర, నాన్నకి మంచి షర్టు, నానమ్మకి మెత్తని దుప్పటి. అమ్మ "ఎందుకమ్మా ఇంత ఖర్చు" అని బీరువాలో పెట్టేసింది, ఇప్పటికీ కట్టలేదు. నాన్న షర్టుకి గుండుసూదులు కూడా తియ్యలేదు. దుప్పటి కవర్లోనే ఉంది. ఏం కావాలని అడిగితే నాన్న ఏమీ వద్దంటారు. రాత్రిపూట దాళ్వా చేనుకి వెళ్లడానికి మూత ఊడిన టార్చికి రబ్బరు బ్యాండు చుట్టుకుని వెళ్తుంటారు, అదీ మానరు. అక్కావాళ్లు మాత్రం అదే పండక్కి ఫ్రిజ్ కొనిచ్చారు. మేనత్త అందరిముందూ "పెద్దమ్మాయి ఇంటికి పనికొచ్చేది తెచ్చింది" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఈసారి 12,000 పక్కన పెట్టాను. అది చాలక, ఈఎంఐలో టీవీ తీసుకుందామా అనుకుంటున్నాను. ఆఫీసులో డిసెంబర్‌లో సీక్రెట్ శాంటా ఉంది, పరిమితి 500. నా చీటీలో కొత్తగా చేరిన ఒడిశా అబ్బాయి పేరొచ్చింది, అతనితో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. టీమ్‌లో పది మంది, పైన మేనేజర్. ఏప్రిల్‌లో అప్రైజల్ కాబట్టి మేనేజర్‌కి విడిగా ఏదైనా ఇవ్వాలా? పీజీలో ముగ్గురు స్నేహితులున్నారు. ఇదంతా తలుచుకుంటే పండగ సంతోషం పోయి టెన్షన్ పట్టుకుంది.
— ఒక చెల్లి, హైదరాబాద్

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదువుతుంటే మా అమ్మ మిక్సీ గుర్తొచ్చింది. నా మొదటి జీతాల్లోంచి కూడబెట్టి కొన్నాను. అమ్మ పసుపు బొట్టు పెట్టి, చుట్టుపక్కల వాళ్లకి చూపించి, మళ్లీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టించింది. జారు పగిలి, మూత మీద చెయ్యి అదిమిపెడితే గాని తిరగని పాత మిక్సీతోనే నాలుగేళ్లు పచ్చళ్లు చేసింది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చేవి. ఒక భోగి రోజు పొద్దున్నే నేనే అటకెక్కి ఆ పెట్టె దించాను. అతికించిన టేపు అతికించినట్టే ఉంది. కొత్త మిక్సీ కడిగి, గట్టు మీద పెట్టి, కొబ్బరి పచ్చడి నేనే రుబ్బాను. భోగి పాతవి వదిలించుకునే రోజే కదా, పాత మిక్సీని ఆ వారమే పాత సామాన్లవాడికి వేసేశాను. మర్నాటి నుంచి అమ్మ కొత్తదే వాడింది. "ఇన్నాళ్లూ ఎందుకు తియ్యలేదమ్మా" అంటే, "పాడైపోతే నువ్వు పెట్టిన డబ్బు పోతుందని" అంది.

మీ అమ్మ చీర కట్టకపోవడం వెనక కూడా ఇదే భయం ఉంటుంది. నీ కానుక నచ్చక కాదు, నీ డబ్బు వృథా అవుతుందని భయం. రెండెకరాల కౌలు మీద ముగ్గురు పిల్లల్ని చదివించిన ఇంట్లో కొత్త వస్తువు ముందు బీరువాలోకే వెళ్తుంది. అందుకే ఈసారి ఏం కొనాలి అన్నదాని కంటే, కొన్నదాన్ని వాడకంలోకి ఎలా తేవాలి అన్నది ఆలోచించు. చేతిలో పెట్టి ఊరుకోకు. అవతలివాళ్లకి ఇంకేం పని మిగలకుండా, ఆ రోజే వాడుకునేలా చేసి ఇవ్వు.

ముందు టీవీ సంగతి తేల్చేద్దాం. వద్దు. 36,000 జీతంలో పీజీ అద్దె, తిండి, ఇంటికి పంపేది పోను నీకు మిగిలేది ఎంతో నీకే తెలుసు. "నో కాస్ట్ ఈఎంఐ" అని, అంటే వడ్డీ లేదని రాసి ఉన్నా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. కార్డు మీద తీసుకుని ఒక నెల కట్టలేకపోతే వడ్డీ నెలకి మూడు శాతం పైనే పడుతుంది, అంటే ఏడాదికి 36 శాతం దాటుతుంది. ఇంట్లో ఏ ఒక్కరూ టీవీ కావాలని అడిగినట్టు నువ్వు రాయలేదు. ఆ టీవీ కొనాలనిపించింది మేనత్త మాట వల్ల. మీ అక్కాబావలు ఇద్దరు కలిసి కొన్నారు, పైగా పెళ్లయి ఇన్నేళ్లు అయింది. నువ్వు ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. తప్పు ఆ పోలిక పెట్టినవాళ్లది, పోలికలో తగ్గిన నీది కాదు. 12,000 చాలు, నిజంగా చాలు.

ఇక అమ్మ. ఆమెకి చీరే తీసుకో, కానీ ఈసారి పట్టు వద్దు. పట్టుచీర అంటే పెళ్లి రావాలి, పెళ్లికి మ్యాచింగ్ జాకెట్టు కుట్టించాలి, ఫాల్ వేయించాలి, టౌనుకి వెళ్లాలి. ఇవన్నీ అయ్యే లోపు చీర మడతలోనే నలిగిపోతుంది. హైదరాబాద్ నుంచి వెళ్తున్నావు కాబట్టి మీ ఊరి కొట్లో దొరకనిది పట్టుకెళ్లు. నారాయణపేట కాటన్ చీర చూడు. చిన్న గళ్లు, వేరే రంగు అంచు, రోజూ కట్టుకున్నా గౌరవంగా ఉంటుంది. పోచంపల్లి కాటన్ కూడా బావుంటుంది. దాంట్లో నూలుకి ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, గీతల అంచులు కొంచెం అలికినట్టు ఉంటాయి. వెనక తిప్పి చూస్తే రంగు వెలిసినట్టుంటే అది ప్రింటు, నేత కాదు. చేనేత చీరకి అంచు పొడుగునా చిన్న చిన్న సూది గుర్తులు కూడా కనిపిస్తాయి, నేసేటప్పుడు బట్టని సాగదీసి పట్టిన చోట పడేవి. చేనేత గుర్తు ఉన్న చీటీ కూడా చూసుకో. రేటు కొట్టుకొట్టుకీ మారుతుంది, చీరకి 1,500 అనుకో.

అసలు పని ఆ తర్వాతే ఉంది. అమ్మకి సరిగ్గా కుదిరే పాత జాకెట్టు ఒకటి, ఆది జాకెట్టు, తమ్ముడితో తెప్పించుకో. చీరకి ఫాల్, పీకో ఇక్కడే వేయించి, జాకెట్టు కుట్టించి, హుక్కులు కూడా పెట్టించి, చీర మడతలోనే పెట్టి పట్టుకెళ్లు. ఇందుకు ఇంకో 800 అవుతుంది. కుట్టుకూలి ఎక్కువనిపించినా తగ్గించకు, నా లెక్కలో ఈ కానుకలో ముఖ్యమైన ఖర్చు అదే. సంక్రాంతి పొద్దున తలంటు అయ్యాక అమ్మ చేతికిచ్చి, "ఇదే కట్టుకో" అను. కుట్టు లేదు, ఫాల్ లేదు, తర్వాత చూద్దాం అనడానికి ఆమెకి సాకు ఉండదు. పోయినేడాది పట్టుచీర సంగతి కూడా ఆ ఆది జాకెట్టుతోనే తేల్చెయ్యొచ్చు, దాని జాకెట్టు ముక్క కూడా అదే పార్సిల్‌లో తెప్పించు. ఆ కుట్టుకూలి ఎక్కడి నుంచో చివర్లో చెప్తాను.

నాన్నకేం కావాలో నువ్వే రాసేశావు, చూసుకోలేదంతే. రబ్బరు బ్యాండు చుట్టిన టార్చి. రాత్రి నీళ్లు చూడ్డానికి గట్ల మీద నడిచే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేతిలో పార ఉంటుంది. తలకి తగిలించుకునే ఛార్జింగ్ లైటు తీసుకో, నీళ్లు పడినా పాడవనిది. మీ ఇంట్లో ఫోన్ ఛార్జరుకి సరిపోయే పిన్ను ఉన్నదే కొను. కొత్త తీగ, కొత్త ప్లగ్గు అంటే అది కూడా మూలపడుతుంది. ఇంటికెళ్లిన రాత్రే ఫుల్ ఛార్జింగ్ పెట్టి, నాన్నతో పాటు నువ్వూ చేలోకి నడిచిరా. తల పట్టీ ఆయన తలకి సరిపోయేలా నువ్వే బిగించు. దీంతో పాటు గట్టి చెప్పులు ఒక జత. సైజు అడిగితే చెప్పరు కాబట్టి, ఆయన చెప్పుల అడుగున ఉన్న నంబరు ఫొటో తీసి పంపమని తమ్ముడికి చెప్పు. నంబరు అరిగిపోయి ఉంటే కాగితం మీద పాదం గీయించమను. రెండూ కలిపి 1,800 లోపు వస్తాయి. బీరువాలో ఉన్న షర్టుకి గుండుసూదులు తీసి, ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేసి, కొక్కేనికి తగిలించు. అంతకంటే ఏం చెప్పకు.

నానమ్మ దగ్గర కొంచెం ఆగుతాను. పెద్దవాళ్లకి ఏం ఇవ్వాలో తెలియక అందరూ దుప్పటో శాలువానో ఇస్తారు. వయసు మళ్లినవాళ్లు బరువున్న చీర, గంజి పెళపెళలాడే చీర ఒంటి మీద మొయ్యలేరు. వెంకటగిరి నేతలో సన్న నూలుది, అలంకారం తక్కువగా ఉండే చీర 900 లోపు దొరికితే తీసుకో. దాన్ని కూడా రెండుసార్లు నీళ్లలో జాడించి, గంజి పోగొట్టి, ఆరేసి పట్టుకెళ్లు. కొత్త చీరని అలా చెయ్యకూడదని ఎవరైనా అంటారేమో, పట్టించుకోకు. ఆమెకి కావాల్సింది ఆ మెత్తదనమే.

దాంతో పాటు ఇంకొకటి చెయ్యి, ఇది నా మాట మీద చెయ్యి. బ్యాంకుకి వెళ్లి కొత్త పది రూపాయల నోట్ల కట్ట ఒకటి అడుగు. వంద నోట్లు, 1,000 రూపాయలు. దొరికితే కొన్ని రూపాయి బిళ్లలు కూడా. పండగ మూడు రోజులూ ఇంటి ముందుకి హరిదాసు వస్తాడు, గంగిరెద్దులవాళ్లు వస్తారు, పిల్లలు వచ్చి కాళ్లకి దణ్ణం పెడతారు. ఒకప్పుడు వీళ్లందరికీ ఇచ్చింది ఆ నానమ్మ చెయ్యే. ఇప్పుడు ఎవరికేమివ్వాలన్నా కొడుకునో కోడలినో అడగాలి. మీ అక్క పాపకి నాలుగేళ్లు కాబట్టి భోగిపళ్లు కూడా పోస్తారు. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, శనగలు, బంతిపూల రెక్కలు, వాటిలో కలిపే చిల్లర. ఆ చిల్లర నానమ్మ తన చీర కొంగు ముడి విప్పి తియ్యాలి. నోట్ల కట్ట ఎవరూ లేనప్పుడు ఇవ్వు. "ఇది నీ ఇష్టం, నాకు లెక్క చెప్పక్కర్లేదు" అని చెప్పు. మా ఇంట్లో ఇలా ఇచ్చిన ఏడాది మా పెద్దావిడ అరుగు దిగలేదు, హరిదాసు అక్షయపాత్ర కనిపించినప్పుడల్లా పిలిచి ఇచ్చింది.

తమ్ముడితో దాపరికాలు అక్కర్లేదు. ఆ వయసు పిల్లలకి మనం ఊహించి కొనేవి నచ్చవు. ఫోన్ చేసి, "800 దాకా, ఏం కావాలి?" అని అడిగెయ్యి.

అక్కాబావల విషయంలో జాగ్రత్త. ఇంటి అల్లుడికి పండక్కి బట్టలు పెట్టడం మీ అమ్మానాన్నల మర్యాద. నువ్వు కూడా ఒక షర్టు తెస్తే ఏది ఖరీదు అన్న లెక్కలు మొదలవుతాయి. నువ్వు పాపకి మాత్రం తెచ్చి, అక్కాబావలకి ఒక పూట ఇవ్వు. నిజంగా ఒక పూటే. సంక్రాంతికి కొత్త సినిమాలు ఉంటాయి కదా, ఇద్దరికీ టికెట్లు బుక్ చేసి, పాపని నీ దగ్గర ఉంచుకో. నాలుగేళ్ల పిల్లతో మీ అక్క ప్రశాంతంగా సినిమా చూసి ఎన్నాళ్లయిందో అడుగు. 600 అవుతుంది. పాపకి ఏటికొప్పాక లక్కపిడతలు. అంకుడు కర్ర మీద లక్క పూసి, చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులతో చేస్తారు, నున్నగా ఉంటాయి, చేతికి గుచ్చుకోవు. నోట్లో పట్టేంత చిన్న ముక్కలు లేని సెట్టు చూసుకో. కొండపల్లి బొమ్మలు అందంగా ఉంటాయి గాని అవి తెల్ల పొణికి కర్రవి, తేలిక, చేతులూ కాళ్లూ విడిగా అతికిస్తారు. అవి బొమ్మల కొలువుకి, ఆడుకునే పిల్లకి కాదు. శిల్పారామం స్టాళ్లలో వెతుకు, 500 పెట్టుకో.

మేనత్తకి బొట్టు పెట్టి, రెండు పళ్లతో జాకెట్టు ముక్క ఇవ్వు. ముక్క మాత్రం మంచిది, ఆమె నిజంగా కుట్టించుకునే కాటన్‌ది, నిండా మీటరు. మన ఇళ్లలో తిరిగే జాకెట్టు ముక్కల సంగతి నీకూ తెలుసు. మా అమ్మ ఒకసారి మూలన పెన్నుతో చుక్క పెట్టి ఇచ్చిన ముక్క రెండేళ్లకి మూడిళ్లు తిరిగి మాకే వచ్చింది. చాలీచాలని, చీరకి కలవని ముక్క కాబట్టే అందరూ దాన్ని దాటించారు. ఆవిడ మాట గుర్తుపెట్టుకుని తక్కువది ఇవ్వకు, ఆవిడ నోరు మూయించాలని ఎక్కువదీ ఇవ్వకు. 300 సరిపోతుంది.

ఇప్పుడు ఆఫీసు. ఒడిశా అబ్బాయి టీ దగ్గరికి వెళ్తాడా, కాఫీ దగ్గరికా అన్నది రెండు రోజులు గమనించు. కాఫీ అయితే అరకు కాఫీ పొడి ఇవ్వు. అరకు కొండలు దాటితే అవతల కోరాపుట్, అక్కడా కాఫీ తోటలే, మాట కలపడానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఒక్క పొడి ప్యాకెట్టే ఇస్తే రూములో ఫిల్టర్ లేక అది కూడా అలమారలోకే పోతుంది. చిన్న స్టీలు ఫిల్టర్ కలిపి ఇవ్వు, 500 లోపే రెండూ వస్తాయి. టీ తాగే మనిషైతే మంచి టీ పొడి, ఉస్మానియా బిస్కెట్లు. పరిమితి దాటొద్దు. 500 అన్నప్పుడు 900ది ఇస్తే, సరిగ్గా 500కి తెచ్చినవాళ్లు చిన్నబోతారు.

మేనేజర్‌కి విడిగా ఏమీ వద్దు. చాలా కంపెనీల్లో కానుకల మీద నియమాలు కూడా ఉంటాయి. నియమం లేకపోయినా, అప్రైజల్ ముందు ఒక్కరికే ఇచ్చిన డబ్బా నీ ఏడాది కష్టాన్ని తక్కువ చేస్తుంది. టీమ్‌కి ఇవ్వాల్సింది పండక్కి వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. ఊరి నుంచి వచ్చినవాళ్లని "ఏం తెచ్చావ్" అని అడగడం మన ఆఫీసుల అలవాటే కదా. మీ కోనసీమ దారిలోనే పూతరేకుల ఆత్రేయపురం ఉంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే కాగితంలా రేకు లేస్తుంది. అది తీసే చెయ్యి ఆడవాళ్లది, వేడికి అలవాటు పడ్డ చెయ్యి. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనిషికి రెండు చొప్పున, మేనేజర్‌తో సహా అందరికీ ఒకే డబ్బాలోంచి పంచు. 1,000 లోపు అవుతుంది. బెల్లంవి తీసుకో, జీడిపప్పు పడనివాళ్లుంటే ముందే కనుక్కో. బస్సులో లగేజీ కింద పెడితే పొడి అయిపోతాయి, ఒళ్లో పెట్టుకుని రా. అమ్మని మాత్రం ఆఫీసుకని అరిసెలో జంతికలో చెయ్యమనకు. పండగ మూడు రోజులూ ఆమె పొయ్యి దగ్గరే ఉంటుంది, ఇంకో పదకొండు మంది వంట ఆమె మీద వెయ్యకు.

పీజీ స్నేహితులతో మాట్లాడుకుని కానుకలు మానెయ్యండి. నలుగురూ ఒకరికొకరు కొంటే పన్నెండు వస్తువులు, ఒక గదిలో. డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తకాల ప్రదర్శనకి కలిసి వెళ్లండి. ఎవరికి వాళ్లు ఒక పుస్తకం కొనుక్కుని, చదివాక మార్చుకోండి. నీ వాటా 500.

నీ ఉత్తరంలో లేని ఇద్దరున్నారు. పీజీలో వంట చేసే ఆమె, రాత్రి ఆలస్యంగా వస్తే గేటు తీసే వాచ్‌మన్. ఏడాదిన్నరగా నీకు రోజూ అన్నం పెట్టేది మీ అమ్మ కాదు, ఆమె. ఇద్దరికీ చెరో 500 కవర్లో పెట్టి, ఊరెళ్లే ముందు రోజు చేతికివ్వు. వాళ్ల ఇళ్లలోనూ అదే పండగ, లేదా అంతకు ముందే క్రిస్మస్. డబ్బే ఇవ్వు. వాడేసిన బట్టలు, మిగిలిన స్వీట్లు దాని బదులు ఇవ్వకు.

అన్నీ కూడితే 11,200 అయింది. మిగిలిన 800 పట్టుచీర జాకెట్టుకి అట్టిపెట్టు.

సంక్రాంతి ముందు వారం ఏ టైలరూ కొత్త బట్ట తీసుకోరు, క్రిస్మస్ గిరాకీ కూడా ఉంది. డిసెంబర్ పదో తారీఖు లోపు గుడ్డ వాళ్ల చేతిలో ఉండాలి. అందుకని ముందు తమ్ముడికి ఫోన్ చెయ్యి. అమ్మకి తెలియకుండా ఆది జాకెట్టు తీసి, దానికి తోడు పట్టుచీర జాకెట్టు ముక్క కూడా పెట్టి, ఆర్టీసీ కార్గోలో పంపమను. ఉతికి మడతపెట్టిన బట్టల్లోంచి తియ్యమను, ఆరేసిన వాటిలోంచి తీస్తే సాయంత్రానికల్లా అమ్మ వెతుక్కుంటుంది.